బరకంలో సున్నపురాయి, చొక్కాలో టైటానియం

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలకీ బంగాళాఖాతం తుపాన్లకీ కాలం ఒకటే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చేనాటికి చాలాచోట్ల పనలు చేలల్లోనే ఉన్నాయి. ధాన్యం రాశులు కళ్లాల్లోనూ రోడ్ల పక్కనా ఉన్నాయి. అలాంటి రోజుల్లో రైతు కష్టాన్ని కాపాడేది పైన కప్పిన బరకమే, అంటే టార్పాలినే. ఆ బరకం కొనేటప్పుడు మాత్రం ఎక్కువమంది చూసేవి రెండే: ధర, బరువు. కొట్లో మడతను చేత్తో ఎత్తి చూసి "దళసరిగానే ఉంది" అనుకుంటే బేరం తెగినట్టే.

సింథటిక్ బట్టల విషయంలో బరువంత మోసపుచ్చే కొలత ఇంకోటి లేదు. ఆ బరువు ప్లాస్టిక్‌ది కావచ్చు, ప్లాస్టిక్‌లో కలిపిన రాతిపొడిదీ కావచ్చు. వర్షానికి, గాలికి, లాగుడికి నిలబడేది మొదటిదే. రెండోది చాలావరకు తూకానికే పనికొస్తుంది.

అలాగని ప్లాస్టిక్ దారంలో ఖనిజం కలపడమే కల్తీ అనుకుంటే పొరపాటు. ఒంటిమీది పాలిస్టర్ చొక్కా అద్దంలా మెరవకుండా ఉందంటే, దానికి కారణం అందులో ఉన్న టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి. యూరియా బస్తా నిలువునా చీలికలు పేలికలు కాకుండా ఉందంటే, అందులో కొంత పాత్ర సున్నపురాయి పొడిది. ఖనిజం ఏది, ఎంత, ఏ పనికి అన్న మూడు ప్రశ్నల మీదే మంచిచెడ్డలు ఆధారపడి ఉంటాయి. ఎండ, ఉప్పుగాలి, ఉక్కపోత మూడూ కలిసి ఉండే డెల్టాలో ఈ ప్రశ్నలకు జవాబులు పొడి వాతావరణం ఉన్న ప్రాంతాల్లో లాగా ఉండవు. కంపెనీల ప్రకటనలు ఈ తేడాను పట్టించుకోవు కాబట్టి కొనేవాళ్లే తెలుసుకోవాలి.

పొడి దారంలోకి ఎలా వెళ్తుంది

పాలిస్టర్, నైలాన్, పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) అన్నీ కరిగించి తీసే దారాలే. ప్లాస్టిక్ గుళికల్ని వేడిచేసి కరిగిస్తారు, సన్నటి రంధ్రాల గుండా నెడతారు, చల్లార్చి సాగదీస్తారు. ఖనిజాన్ని కలిపేది సాధారణంగా కరిగించే దశలోనో అంతకుముందో. పొడిని నేరుగా పోస్తే ఉండలు కడుతుంది. అందుకని ముందు కొంచెం ప్లాస్టిక్‌లోనే చిక్కగా కలిపి గుళికలు చేస్తారు. దీన్ని మాస్టర్‌బ్యాచ్ అంటారు. యాలకుల్ని కాస్త పంచదారతో కలిపి నూరి పాయసంలో వేస్తే అంతటా సమంగా కలిసినట్టే, ఈ గుళికలు వేస్తే ఖనిజం దారమంతటా సమంగా పరుచుకుంటుంది.

ఇక్కడ అసలు సమస్య సన్నదనం. ఒక డెనియర్ (దారం సన్నదనాన్ని చెప్పే కొలత) పాలిస్టర్ పోగు మందం దాదాపు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. అంత సన్నటి పోగులో ఒక్క మైక్రాన్ దాటిన రాతిరేణువు ఉన్నా అక్కడ బలహీనపడుతుంది, సాగదీసేటప్పుడు తెగుతుంది. పోగు తీసే పళ్లెంలో రంధ్రాలు 0.2, 0.3 మిల్లీమీటర్ల వెడల్పువి. వాటి ముందు వడపోత ఉంటుంది. ఉండలు కట్టిన పొడి ఆ వడపోతను మూసేస్తే యంత్రం ఆపి మార్చాల్సిందే. అందువల్ల బట్టల దారంలో వాడే పొడి చాలా మెత్తనిది, ఖరీదైనది, కలిపే మోతాదూ తక్కువ.

బరకాలకీ గోతాలకీ వాడేది గుండ్రటి పోగు కాదు. ప్లాస్టిక్‌ను పల్చటి పొరగా తీసి, రిబ్బన్లలా నిలువునా కోసి, సాగదీసి, ఆ పట్టీలను మగ్గం మీద నేస్తారు. పట్టీ కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మందం కూడా చొక్కా పోగుకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. కొంచెం ముతక పొడి పడినా యంత్రం ఆగదు, పట్టీ తెగదు. కల్తీకి అవకాశం చొక్కా దారంలో తక్కువగానూ బరకం పట్టీలో ఎక్కువగానూ ఉండటానికి కారణం ఇదే. చొక్కా విషయంలో యంత్రమే కాపలా కాస్తుంది, బరకం విషయంలో అలాంటి కాపలా లేదు.

పాలిస్టర్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. దాన్ని 280 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కరిగిస్తారు. ఆ వేడిలో ఏ కాస్త తేమ ఉన్నా పాలిస్టర్ అణువుల గొలుసులు తెగిపోతాయి. అందుకే గుళికల్ని లక్షలో ఐదు వంతుల తేమ కూడా మిగలనంతగా ఆరబెడతారు. బంకమన్ను జాతి ఖనిజాలు, జియోలైట్‌లు నీటిని తమలో దాచుకునే రకం. వాటిని సరిగా ఆరబెట్టకుండా కలిపితే ఖనిజం తెచ్చే లాభం కంటే అది మోసుకొచ్చిన నీటి వల్ల కలిగే నష్టమే ఎక్కువ.

బరకంలో సున్నపురాయి

పాలీప్రొపిలీన్ పట్టీని సాగదీసేటప్పుడు అది ఐదారు రెట్లు పొడవు పెరుగుతుంది. అణువులన్నీ ఒకే దిక్కుకు, నిలువుగా సర్దుకుంటాయి. లాగుడు బలం అందువల్లే వస్తుంది. అదే సమయంలో పట్టీకి అడ్డంగా పట్టు తగ్గిపోతుంది. నిలువునా చీలి, పేలికలై, మగ్గంలో చిక్కుపడుతుంది. మెత్తగా నూరిన కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడి, కొద్ది శాతం కలిపితే ఈ చీలిక తగ్గుతుంది. పొడి రేణువులకు ముందే స్టియరిక్ ఆసిడ్ పూత పూస్తారు. అప్పుడే నూనె స్వభావం ఉన్న ప్లాస్టిక్‌లో అవి ఉండకట్టకుండా కలుస్తాయి. పట్టీ పైభాగం కొంచెం గరుకుగా తయారవుతుంది, దానితో బస్తా మీద బస్తా పేర్చినా జారదు. అచ్చు వేసిన అక్షరాలు బాగా పట్టుకుంటాయి. మిల్లు గోడౌన్లో బస్తాలు ఎత్తుగా నెట్టు కట్టే హమాలీలకు ఆ గరుకుదనం విలువ చెప్పక్కర్లేదు.

ఇక్కడిదాకా అది న్యాయమైన వాడకం. తేడా వచ్చేది మోతాదు పెరిగినప్పుడు. కిలో ప్లాస్టిక్ గుళికల ధరతో పోలిస్తే కిలో సున్నపురాయి పొడి ధర చాలా తక్కువ. పైగా సున్నపురాయి సాంద్రత 2.7, పాలీప్రొపిలీన్‌ది 0.9 మాత్రమే. ఒకే చోటులో మూడు రెట్ల బరువు తూగుతుంది. తూకం మీద, జీఎస్ఎమ్ మీద అమ్మే సరుకులో పొడి కలపడమంటే చవక వస్తువును ఖరీదైన వస్తువు ధరకు అమ్ముకోవడమే.

జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఉన్న బరకం దాదాపు 40 చదరపు మీటర్లు. 200 జీఎస్ఎమ్ అయితే 8 కిలోలు తూగుతుంది. అందులో 15 శాతం సున్నపురాయి ఉందనుకుంటే కిలో 200 గ్రాములు రాయి. అసలు ప్లాస్టిక్ చదరపు మీటరుకు 170 గ్రాములే. పొడి తక్కువగా ఉన్న 180 జీఎస్ఎమ్ బరకం దీనికంటే తేలిగ్గా ఉన్నా గట్టిగా ఉంటుంది. కొట్లో రెండూ పక్కపక్కన పెడితే కొనేవాడి చెయ్యి మాత్రం బరువైనదాని మీదకే పోతుంది.

పొడి ఎక్కువైతే బలం ఎందుకు తగ్గుతుంది? పట్టీని సాగదీసినప్పుడు ప్లాస్టిక్ సాగుతుంది, రాయి సాగదు. ప్రతి రేణువు చుట్టూ ప్లాస్టిక్ విడివడి చిన్న ఖాళీ ఏర్పడుతుంది. కొద్ది రేణువులుంటే ఆ ఖాళీలు విడివిడిగా ఉండిపోతాయి. ఎక్కువైతే ఒకదానితో ఒకటి కలిసి పగులుకు దారి ఇస్తాయి. గోతాం నుంచి ఒక పట్టీ ఊడదీసి రెండు చేతులా మెల్లగా లాగితే, పొడి ఎక్కువగా ఉన్నది లాగినచోట తెల్లబారి, ఎక్కువ సాగకుండానే తెగుతుంది. ఆ తెలుపు రంగు కాదు. కొత్తగా ఏర్పడిన ఖాళీలు వెలుతురును చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది.

ఇంటి దగ్గరే చేసుకోదగ్గ పరీక్ష ఇంకోటి ఉంది. పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ రెండూ నీళ్ల కంటే తేలిక, కాబట్టి తేలాలి. హెచ్‌డీపీఈ సాంద్రత 0.95 అనుకుంటే, లెక్క ప్రకారం దాదాపు 8 శాతం సున్నపురాయి కలిసేసరికి అది నీళ్లతో సమానమవుతుంది, దాటితే మునుగుతుంది. పాలీప్రొపిలీన్ ఇంకా తేలిక కాబట్టి 14 శాతం దాకా తేలుతూనే ఉంటుంది. బరకం అంచు నుంచి వేలి గోరంత ముక్క కత్తిరించి, గ్లాసుడు మంచినీళ్లలో ఒక చుక్క సబ్బునీరు వేసి, ముక్కను వేళ్లతో నలిపి నేతలో చిక్కుకున్న గాలి బుడగలు పోయేలా నీటిలోపల వదలాలి. మునిగితే అందులో రాతిపొడి గట్టిగానే ఉన్నట్టు. తేలినంత మాత్రాన నిర్దోషి అనుకోకూడదు, ఎందుకంటే సాగదీసినప్పుడు ఏర్పడ్డ ఖాళీలు పట్టీని కొంత తేలిక చేస్తాయి, బరకం మీది పల్చటి పాలిథిన్ పొర కూడా తేలికదే. ఈ పరీక్ష రొయ్యల చెరువు ఉప్పునీటిలో చేస్తే లాభం లేదు. ఉప్పునీరు మంచినీటి కంటే బరువు, మునగాల్సిందాన్ని కూడా తేలుస్తుంది.

ల్యాబ్‌లో అయితే ముక్కను కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదను తూస్తారు. ప్లాస్టిక్ అంతా పోయి ఖనిజం మిగులుతుంది. ఆ బూడిద మీద ఆసిడ్ చుక్క వేస్తే నురగ వచ్చిందంటే అది సున్నపురాయి. దీన్ని ఇంట్లో లైటరుతో చేయాలనుకోవడం మంచిది కాదు, ఆ పొగ పీల్చదగ్గది కాదు. పెద్ద మొత్తంలో కొనే సొసైటీలు, మిల్లర్లు మాత్రం సరుకు తీసుకునే ముందు బూడిద శాతం అడగాలి. హెచ్‌డీపీఈ బరకాలకు ఐఎస్ 7903, ఆహారధాన్యాల 50 కిలోల ప్లాస్టిక్ నేత సంచులకు ఐఎస్ 14887 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. ఎన్ని జీఎస్ఎమ్ అని అడిగే ముందు ఆ ముద్ర ఉందా లేదా అని చూడటం ఎంతో నయం.

ఎండకు ఏది నిలబడుతుంది

ఖాళీ అయిన యూరియా బస్తాను గట్టు మీద వదిలేస్తే ఏమవుతుందో డెల్టాలో చూడనివాళ్లుండరు. కొన్ని నెలలకి రంగు వెలుస్తుంది, ఆ తర్వాత పట్టుకుంటే చేతిలో పొడిపొడిగా రాలుతుంది. పాలీప్రొపిలీన్ అణువు గొలుసులో ఎండలోని యూవీ కిరణాలకు, గాలిలోని ఆక్సిజన్‌కు తేలిగ్గా లొంగే చోట్లు ఎక్కువ. ఒకచోట తెగడం మొదలైతే అది పక్కకు పాకుతుంది. దీన్ని ఆపడానికే బరకాల్లో, షేడ్ నెట్లలో యూవీ రక్షణ పదార్థాలు కలుపుతారు. ఒక సాధారణ గోతానికీ మంచి బరకానికీ అసలు తేడా మందంలో కంటే ఇక్కడే ఉంది.

ఈ పనికి అన్నిటికన్నా నమ్మకమైనది, చవకైనది కార్బన్ బ్లాక్, అంటే శుద్ధమైన మసి. 2 నుంచి 3 శాతం సమంగా కలిస్తే యూవీ కిరణాలు పైపొరలోనే ఆగిపోతాయి. రొయ్యల చెరువుల్లో పరిచే హెచ్‌డీపీఈ లైనింగ్ షీట్లు నల్లగా ఉండటం ఇందుకే. ఆ నలుపు వేడిని పీల్చుకుంటుంది కాబట్టి బట్టలకీ గుడారాలకీ పనికిరాదు. అక్కడ తెల్ల ఖనిజం కావాలి.

తెల్ల ఖనిజాల్లో పెద్దది టైటానియం డయాక్సైడ్. అందులో రెండు రకాలు, అనటేస్, రూటైల్. రెండిటి రసాయన సూత్రం ఒకటే, స్ఫటికం అమరిక వేరు. దారం తీసేవాళ్లకు అనటేస్ ఇష్టం, అది కొంచెం మెత్తన కాబట్టి యంత్రంలో దారం రాసుకునే గైడ్‌లు, సూదులు తక్కువ అరుగుతాయి. ఎండలో దీని ప్రవర్తన మాత్రం వేరు. యూవీ తగిలినప్పుడు అనటేస్ తానే చురుకై చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను కొరకడం మొదలుపెడుతుంది. టైటానియం కలిపి మెరుపు తగ్గించిన నైలాన్, మెరుపు ఉన్న మామూలు నైలాన్ కంటే ఎండలో త్వరగా బలం కోల్పోతుందన్నది దారం పరిశ్రమకు ఏనాటి నుంచో తెలిసిన సంగతి. దాన్ని అదుపు చేయడానికి నైలాన్‌లో కొద్దిగా మాంగనీస్ లవణాలు కలుపుతారు. బయట వాడే సరుకులో రూటైల్ రకం, అదీ అల్యూమినా, సిలికా పూత పూసింది వాడాలి. ఆ పూత టైటానియానికీ ప్లాస్టిక్‌కీ మధ్య గోడలా నిలుస్తుంది. "టైటానియం కలిపాం" అని అమ్మేవాడు చెప్పినప్పుడు ఏ రకం అని అడగాల్సింది ఇందుకే. ఒకే పేరున్న ఖనిజం ఒకచోట గొడుగు, ఇంకోచోట చెదపురుగు.

ఈ టైటానియం డెల్టాకు పరాయిది కాదు. అంతర్వేది, నరసాపురం వైపు తీరంలో అలలు వెనక్కి వెళ్లినచోట ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. ఆ బరువైన రేణువుల్లో గార్నెట్, మాగ్నటైట్‌లతోపాటు ఇల్మనైట్ కూడా ఉంటుంది. ఇల్మనైట్ అంటే ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్. గోదావరి తన దారిలో అరగదీసిన కొండల నుంచి మోసుకొచ్చింది అది. టైటానియం డయాక్సైడ్‌కు ప్రపంచమంతటా ప్రధాన ముడిసరుకు ఇదే.

కడియపులంక నర్సరీల వాళ్లకు ఎండ రక్షణ గురించి ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం ఒకటి ఉంది. లేత రంగు షేడ్ నెట్లను ఎక్కువగా కాపాడేది ఖనిజం కాదు, హాల్స్ అనే క్షార స్వభావం ఉన్న పదార్థాలు. మొక్కల తెగుళ్లకు గంధకం పొడి, గంధకం లేదా క్లోరిన్ ఉన్న మందులు కొట్టినప్పుడు ఆ మందులు నెట్ మీద పడి ఆమ్లాలుగా మారతాయి. ఆమ్లం క్షారాన్ని చంపేస్తుంది. మూడేళ్లు రావలసిన నెట్ ముందే పెళుసుబారిపోతే చాలామంది సరుకు బాగోలేదనుకుంటారు. కొన్నిసార్లు తప్పు స్ప్రేయర్‌లో ఉంటుంది. మంచి తయారీదారులు ఇలాంటిచోట ఆమ్లాన్ని పీల్చుకునే ఖనిజాలను, జింక్ ఆక్సైడ్‌నో హైడ్రోటాల్సైట్‌నో, కొద్దిగా కలుపుతారు. షేడ్ నెట్లకు ఐఎస్ 16008 ప్రమాణం ఉంది. అయితే నర్సరీకి కొనేటప్పుడు ప్రమాణం ముద్రతో ఆగకుండా, గంధకం మందులు కొడతామని ముందే చెప్పి దానికి తట్టుకునే రకం అడగటం మంచిది.

చొక్కా సంగతి

పాలిస్టర్‌కు తేమ పీల్చే గుణం దాదాపు లేదు. గాలిలో 65 శాతం తేమ ఉన్నప్పుడు నూలు తన బరువులో దాదాపు 8 శాతం నీటిని పట్టుకుంటుంది, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ 0.4 శాతం మాత్రమే. బండారులంక, మోరి నేత నూలు చీరకీ పాలిస్టర్ చీరకీ ఉక్కపోతలో ఉండే తేడా అంతా ఈ అంకెల్లో ఉంది. ఈ లోటును పూడ్చడానికే ఖనిజాలు కలిపిన "కూల్" బట్టలు మార్కెట్లోకి వచ్చాయి.

వాటిలో మైకా, జేడ్ లాంటి రాళ్ల పొడి కలిపిన రకాలు ముట్టుకోగానే చల్లగా అనిపిస్తాయి. కారణం సరళం, ఆ రాళ్లు చర్మం వేడిని ప్లాస్టిక్ కంటే త్వరగా లాక్కుంటాయి. బట్ట ఒంటి వేడికి వచ్చేదాకానే ఆ చల్లదనం. తర్వాత అది మామూలు బట్టే. కొట్లో ముట్టుకున్నప్పుడు కలిగే ఆ చల్లదనం చూసి, మే నెలలో అమలాపురం బస్టాండులో కూడా అలాగే ఉంటుందనుకుని డబ్బు పెట్టడం వృథా.

ఇంకో మార్గం యాక్టివేటెడ్ కార్బన్‌ది, ఇది కోనసీమకు దగ్గరి సంగతి. కొబ్బరి చిప్పల బొగ్గును ఆవిరితో చురుకు చేస్తే దానిలో లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు తెరుచుకుంటాయి. ఒక్క గ్రాము బొగ్గులో ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉంటాయి. అమెరికాలో కోకోనా అనే కంపెనీ ఈ కొబ్బరి చిప్ప కార్బన్‌ను, అగ్నిపర్వత ఖనిజాల పొడిని పాలిస్టర్ దారంలో కలిపి, 37.5 అనే పేరుతో ఆటల దుస్తులకు అమ్మింది. రేణువులు చెమట ఆవిరిని పట్టి, విశాలమైన ఉపరితలం మీద పరిచి, త్వరగా బయటికి పంపుతాయన్నది దాని వెనకున్న సూత్రం. కరిగిన పాలిస్టర్ ఆ రంధ్రాలను మూసేయడం ఈ పద్ధతిలో పెద్ద చిక్కు. రేణువును ముందే ఇంకో పదార్థంతో కప్పి, దారం తయారయ్యాక ఆ కప్పును తొలగించే పద్ధతులు అందుకే పుట్టాయి.

సూత్రం సరైనదే, కానీ దానికి ఒక షరతు ఉంది. ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలిలో చోటుండాలి. అమెరికాలోని కొలరాడో లాంటి చోట పొడి గాలిలో బాగా పనిచేసే బట్ట, గాలిలో నీరు నిండుగా ఉన్న తీర డెల్టాలో అదే పని చేయలేదు. ఇక్కడ ఖనిజం కంటే నేత ముఖ్యం. గాలి ఆడే పల్చటి నేత, ఒంటికి అంటుకోని వదులు కుట్టు ముందు చూసుకోవాలి. ఆ రెండూ లేని బిగుతైన చొక్కాలో ఎంత ఖరీదైన రాతిపొడి కలిపినా చెమట ఒంటిమీదే ఉంటుంది.

వేడి మీద ఖనిజం నిజంగా గెలవగల చోటు ఎండను తిప్పికొట్టడంలో ఉంది. టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం (వెలుతురును వంచే శక్తి) 2.5 పైమాట, పాలిస్టర్‌ది 1.6 దగ్గర. ఈ తేడా వల్లే దారంలో పడ్డ వెలుతురు రేణువుల మీద చెదిరి వెనక్కి తిరుగుతుంది. దారం వ్యాపారంలో సెమీ డల్ అంటే దాదాపు 0.3 శాతం టైటానియం, ఫుల్ డల్ అంటే 1.5 నుంచి 2.5 శాతం వరకు. స్కూలు యూనిఫాం తెల్లచొక్కాలో లోపలి బనీను కనపడకుండా ఉండాలంటే ఫుల్ డల్ కావాలి. నాట్లకు, కలుపుకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద పొడుగు చేతుల పాత చొక్కా వేసుకుంటారు. అది ఎండ మంట తప్పించుకోవడానికి వాళ్లు కనిపెట్టుకున్న మార్గం. ఆ చొక్కా ఫుల్ డల్ పాలిస్టర్ కలిసిందైతే యూవీ కిరణాలను అడ్డుకోవడంలో మెరిసే పల్చటి పాలిస్టర్ కంటే చాలా మెరుగు. పొలం కూలీల కోసం బట్ట తయారు చేయాలనుకునేవాళ్లు దృష్టి పెట్టవలసింది ఇక్కడ. లేతరంగు, ఫుల్ డల్ దారం, గాలి ఆడే నేత. ఈ మూడింటికీ కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

ఇదే సూత్రాన్ని చైనా పరిశోధకులు 2021లో ఇంకా ముందుకు తీసుకెళ్లారు. టైటానియం డయాక్సైడ్ కలిపిన నారతో నేసిన బట్టకు టెఫ్లాన్ జాతి పల్చటి పొర అతికించి, సూర్యరశ్మిలో 92 శాతానికి పైగా వెనక్కి తిప్పే బట్టను తయారు చేశారు. అది ఒంటి వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి పంపుతుంది కూడా. గాలిలోని నీటి ఆవిరి ఆ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి డెల్టాలో రెండో లాభం తగ్గుతుంది. మొదటిది, ఎండను తిప్పికొట్టడం, ఎక్కడైనా పనిచేస్తుంది.

మంటలను ఆపే ఖనిజాల గురించి ఒక్కమాట. అల్యూమినియం హైడ్రాక్సైడ్ వేడెక్కితే తనలోని నీటిని వదిలి మంటను చల్లారుస్తుంది. కానీ 200 డిగ్రీలు దాటగానే ఆ పని మొదలవుతుంది కాబట్టి 280 డిగ్రీల్లో తీసే పాలిస్టర్ పోగులో దాన్ని కలపలేరు. పెళ్లి పందిళ్ల, షామియానాల బట్టకు దాన్ని పైపూతగానే వేయాలి.

రాగి, జింకు, వెండి

పాలిస్టర్ చెమటకంపును వదలదు. అది నీటిని పీల్చదు, చెమటలోని జిడ్డును మాత్రం పట్టుకుంటుంది, దాని మీద బ్యాక్టీరియా బతుకుతుంది. జింక్ ఆక్సైడ్, రాగి ఆక్సైడ్, వెండి నింపిన జియోలైట్‌లను దారంలో కలిపి ఈ బ్యాక్టీరియాను తగ్గించవచ్చు. పోగు లోపల ఇరుక్కున్న రేణువు ఏమీ చేయలేదు, ఉపరితలం మీదున్నదే అయాన్లు వదిలి పనిచేస్తుంది. వదలడమంటే తరిగిపోవడం. అంటే ఈ గుణం ఉతికిన కొద్దీ తగ్గుతుంది, తగ్గిందంతా నీళ్లలోకి పోతుంది.

డెల్టాలో నీళ్లలోకి పోవడమంటే డ్రెయిన్లలోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి. ఒక చొక్కా నుంచి వచ్చేది స్వల్పం. సముద్రపు పంజరాల్లో చేపల పెంపకానికి వాడే వలల సంగతి వేరు. నాచు, గుల్ల పట్టకుండా వాటికి రాగి ఆక్సైడ్ పూత పూస్తారు. సముద్రపు ప్రవాహంలో అది చెల్లుతుంది. అవే వలలను నీరు కదలని వనామి చెరువులో వాడితే ఇబ్బంది. కరిగిన రాగి రొయ్యకు విషం, నీటిలో ఆల్కలినిటీ (క్షార గుణం) తక్కువైతే ఆ విషం ఇంకా పెరుగుతుంది. నాచు తగ్గించడానికి మైలుతుత్తం వేసేటప్పుడు ఆల్కలినిటీ చూసి మోతాదు లెక్కకట్టే రైతుకు ఈ మాట కొత్త కాదు. అదే జాగ్రత్త వల కొనేటప్పుడూ ఉండాలి. పక్షుల నుంచి, పీతల నుంచి రక్షణకు కట్టే వలలకు రాగి పూత అక్కర్లేదు. ఎండకు తట్టుకునే హెచ్‌డీపీఈ చాలు.

చివరగా, ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. పాత బరకాలు, గోతాలు, నెట్లు తుక్కు కొనేవాళ్ల చేతికి వెళ్లాక ఏమవుతాయి? కలగలుపు ప్లాస్టిక్‌ను విడదీసే చవకైన మార్గం నీళ్ల తొట్టి. పాలీప్రొపిలీన్, పాలిథిన్ తేలతాయి. 1.38 సాంద్రత ఉన్న పాలిస్టర్ జాతి ప్లాస్టిక్, మన్ను, గాజు మునుగుతాయి. సున్నపురాయి దండిగా కూరిన పట్టీ పాలీప్రొపిలీన్ అయి ఉండి కూడా మునిగిపోయి, పాలిస్టర్‌లో కలిసి రెండిటినీ పాడు చేస్తుంది. విడదీయగలిగినా దాన్నుంచి మళ్లీ సన్నటి పట్టీ తీయడం కష్టం, ఇంకాస్త ముతక సరుకుకే పోతుంది. తక్కువ పొడితో, మంచి యూవీ రక్షణతో చేసిన బరకం ఎక్కువ కాలం మన్నడమే కాక, చిరిగాక కూడా తుక్కు కొట్లో మంచి ధర పలికే అవకాశం ఉంది. సొసైటీలు బరకాలకు టెండర్లు పిలిచేటప్పుడు జీఎస్ఎమ్ పక్కన గరిష్ఠ బూడిద శాతం, ఎండలో పెట్టాక మిగలాల్సిన కనీస లాగుడు బలం అనే రెండు గడులు చేరిస్తే, రాయి అమ్మేవాళ్లు మొదటి వడపోతలోనే ఆగిపోతారు.